యంత్రము నాపగలిగిన ధైర్యము

ఏలూరు దాటి పెదపాడు మీదుగా కొల్లేటి దిక్కునకు సాగిపోవువారికి వరిచేల నడుమ చేపల చెరువులును, చెరువు గట్ల వెంబడి ఏరేటర్ల చప్పుడును, రోడ్డు ప్రక్కన ఐసు దిమ్మలు దించుకొనుచున్న లారీలును ఎడతెగక కానవచ్చును. తెల్లవారకమునుపే వల లాగి పట్టిన శీలావతులు, బొచ్చెలు ప్లాస్టికు ట్రేలలో ఐసుపొడి నడుమ పేర్చబడి కలకత్తా త్రోవ పట్టును. రొయ్యలైనచో శుద్ధి కర్మాగారములకు చేరి, అచట తల తీసి, పొట్టు ఒలిచి, గడ్డకట్టించిన పిమ్మట సముద్రములు దాటిపోవును. ఈ ప్రయాణమున ఇంచుమించు ప్రతి మజిలీయందును ఒక యంత్రమున్నది. ప్రతి యంత్రము చెంతను ఎవరిదో యొక చేయి యున్నది. ఆ చేతిని గూర్చియే ఈ అధ్యాయము.

వ్యక్తిత్వ వికాసమును గూర్చిన గ్రంథమున యంత్రప్రమాదముల ప్రసక్తి యేల యని కొందరు పాఠకులకు సందేహము కలుగవచ్చును. ఇట్టి గ్రంథములు సామాన్యముగా సభలో మాటలాడు నేర్పును, కాలమును పొదుపు చేయు విధమును, ఆశయసిద్ధికి వలయు పట్టుదలను బోధించుచుండును; చదువరి కుర్చీలో కూర్చుండి పనిచేయువాడే యని వాని రచయితలు తలంచుట కద్దు. కాని మన ప్రాంతమున వేలకొలది స్త్రీపురుషులు తడినేలపై నిలువుకాళ్ల మీద నిలిచి, చల్లని నీటిలో చేతులు ముంచి, తిరుగుచున్న చక్రముల సమీపమున దినమంతయు గడపుచున్నారు. వారికి పెట్టుబడి చేతులే. పది వ్రేళ్లలో రెండు పోయినచో ఆ యింటి తిండి, పిల్లల చదువు, చెల్లెలి పెండ్లి, అన్నియు తారుమారగును. అట్టివారికి తమ శరీరమును తాము కాపాడుకొను శక్తియే వికాసమునకు తొలిమెట్టని మనఃపూర్వకముగా నమ్ముచున్నాను గనుకనే ఈ విషయమునకు పూర్తిగా నొక అధ్యాయమును కేటాయించితిని.

ముందుగా మన ప్రాంతమువారందరకును పరిచితమైన యొక యంత్రమును దగ్గరగా చూతము. చేపల ప్యాకింగు షెడ్డులో ఐసు దిమ్మలను పొడిచేయు క్రషరు నాలుగు కాళ్ల ఇనుపచట్రము మీద నిలిచియుండును. పైన విప్పారిన తొట్టి, దాని లోపల ఉక్కుపండ్లు గల రోలరు, ప్రక్కన మోటారు, రెంటికిని నడుమ బెల్టు, అడుగున పొడి జారిపడు నోరు. దిమ్మను కొక్కెముతో లాగుకొని వచ్చి ఎత్తి తొట్టిలోనికి జారవిడుతురు. దిమ్మ సూటిగా దిగినంతవరకు పని చక్కగా సాగును. అడ్డము తిరిగినచో అది పండ్లకందక పైన ఎగురుచుండును, బెల్టు జారి కీచుమనును. అప్పుడు దగ్గరనున్న కుర్రవాడు మొదట గునపముతో పొడుచును, పిదప కాలితో త్రోయును, తుదకు చేయి పెట్టి త్రిప్పును. చేయి పెట్టినది క్షణకాలమే. నిన్నను పెట్టెను, మొన్నను పెట్టెను, ఏమియు కాలేదు. తొట్టి అంచు తడిసి నున్ననై యుండుటను, వాని చేతి తొడుగు వ్రేళ్లకన్న అంగుళము పొడవై యుండుటను, కాలిక్రింద చేపల జిగురుతో నేల జారుచుండుటను ఎవ్వరును గమనింపరు. రోలరు ఆ తొడుగు కొనను పట్టిన పిమ్మట చేతిని వెనుకకు లాగుకొనుటకు మనుష్యునకు వ్యవధి చాలదు; మనస్సు ప్రమాదమును గుర్తించునప్పటికి చేయి లోపల నుండును.

ప్రమాదము జరిగిన పిదప అందరును ఒకే మాట పలుకుదురు: "వాడు జాగ్రత్తగా లేడు." యజమాని పలుకును, మేస్త్రి పలుకును, చివరకు ఆసుపత్రి మంచము మీద గాయపడినవాడును అదే మాట పలికి తలవంచుకొనును. ఈ మాటను నే నంగీకరింపజాలను. అజాగ్రత్త యనునది నిజముగా కారణమే యైనచో, ఒకే యంత్రము దగ్గర, ఒకే రీతిని, వేర్వేరు మనుష్యులకు, వేర్వేరు సంవత్సరములలో అదే గాయము ఏల కావలెను? జాగ్రత్త మనుష్యుని యందు ఉదయమున నిండుగా నుండి, రాత్రి షిఫ్టు చివరి గంటకు సన్నగిల్లును, అది దేహధర్మము. చలినీటిలో గంటలకొలది ముంచిన వ్రేళ్లు మొద్దుబారి, తాము దేనిని తాకుచున్నవో సరిగా తెలుపజాలవు. ఒలిచిన రొయ్యకు కిలో లెక్కన కూలి కట్టునపుడు, యంత్రము నిలిచిన ప్రతి నిమిషమును పనివాని జేబునుండి పోవు డబ్బే. అట్టి ఏర్పాటులో యంత్రము నాపుమని వానికి బోధించుట సులభము, ఆపుట కష్టము. ట్రక్కు బయట నిలిచి హారను మ్రోగించుచుండగా, ఇంకను నలువది ట్రేలు మిగిలియుండగా, "కానీరా, కానీరా" యని వెనుకనుండి వినవచ్చుచుండగా చేయి పెట్టినవాడు అజాగ్రత్త వలన పెట్టలేదు. ఆ తొందర యంతయు వాని చేతిని లోనికి నెట్టినది.

కావున నేను చెప్పదలచిన సంగతి యిది: తిరుగు యంత్రమున చేయి పెట్టక పోవుటయే గాక, దానిని నలుగురి యెదుట ఆపి, ఆపితినని చెప్పి, తాళపుచెవిని తన జేబులో వేసికొని, అటుపిమ్మట మాత్రమే చేయి పెట్టుట యను నలవాటును మనుష్యుడు వ్రేళ్లకు నేర్పవలెను. ఇది సంకల్పముతో వచ్చునది గాదు, అభ్యాసముతో వచ్చునది. ఆ అభ్యాసము నెట్లు చేయవలెనో వివరింతును.

అన్నింటికన్న ముందు, కరెంటు పోయి నిలిచిన యంత్రమును ఆపిన యంత్రముగా భావింపరాదు. మన పల్లెలలో కరెంటు పోవుట, వచ్చుట వానచినుకుల వంటిది; ఎప్పుడు వచ్చునో ఎవ్వరెరుగరు. ఇరుక్కొన్న దిమ్మను తీయుటకు ఇదే మంచి సమయమని చేయి పెట్టినవారి కథలు మన షెడ్లలో కొల్లలు. సాధారణమైన స్టార్టరులో కరెంటు పోయినపుడు లోపలి కాయిలు పట్టు విడుచును. తిరిగి కరెంటు వచ్చినను పచ్చబొత్తాము నొక్కనిదే మోటారు తిరుగదు. అయితే చెరువులయొద్ద రాత్రివేళ ఏరేటరు నిలిచినచో ప్రాణవాయువు తగ్గి తెల్లవారుసరికి చేపలు తేలిపోవును గనుక, కరెంటు రాగానే దానంతట నది తిరుగునట్లు ఆటోస్టార్టరు అమర్చుట పరిపాటి. చెరువునకు అది అవసరమే. ఆ యలవాటునే ఐసు క్రషరునకును మేత మిల్లునకును ప్రాకించుట ఘోరమైన తప్పిదము. మీ షెడ్డులోని స్టార్టరు పెట్టెకు అట్టి పరికరము తగిలించియున్నదేమో రేపే చూడుడు. ఉన్నచో ఎలక్ట్రీషియనుచేత తీయించుడు. ఈ యొక్క పని ఈ అధ్యాయములోని తక్కిన వాక్యములన్నింటికన్న ఎక్కువ వ్రేళ్లను కాపాడగలదు.

ఇక ఆపు విధానము. ఎఱ్ఱబొత్తాము నొక్కుట చాలదు. అది మోటారును నిలుపును గాని, మరియొకడు వచ్చి పచ్చబొత్తాము నొక్కుటను అడ్డుకొనజాలదు. గోడ మీది మెయిను స్విచ్చిని దించి, దాని పిడికి తాళము వేసి, తాళపుచెవిని చేయి పెట్టబోవువాడే తన జేబులో నుంచుకొనవలెను. ఇద్దరు పనిచేయుచున్నచో రెండు తాళములు, ముగ్గురైనచో మూడు. ఎవరి తాళమును వారే తీయవలెను. తాళము వేయుటకు వీలులేని పాత బోర్డులైనచో, మెయిను దించిన పిదప ఎలక్ట్రీషియను ఫ్యూజులు ఊడదీసి లోపల పనిచేయువాని కిచ్చుట, బోర్డు దగ్గర మనిషిని కావలి పెట్టుట ప్రత్యామ్నాయములు. తాళము పడిన పిమ్మట పచ్చబొత్తామును ఒక్కసారి నొక్కి చూడవలెను. యంత్రము కదలనిచో సరియైన స్విచ్చినే దించితిమని తెలియును. అప్పటికిని బరువైన చక్రము తన వేగముతో కొంతసేపు తిరుగుచునేయుండును. అది పూర్తిగా నిలుచువరకు చేతులు కట్టుకొని నిలువవలెను. పైకెత్తియున్న మూత, ఒత్తిడితో బిగిసియున్న గొట్టము, లాగబడియున్న స్ప్రింగు, ఇవన్నియు కరెంటు లేకున్నను మనిషిని కొట్టగలవు గనుక వానిని దించి, వదలి, ఆధారము పెట్టవలెను. అమెరికా దేశమున కార్మిక భద్రతా శాఖవారు ఈ తాళపు పద్ధతిని 1989లో నిబంధనగా ప్రకటించిరి. మనకు నిబంధన కొరకు ఎదురుచూడ నక్కరలేదు. కావలసినది బజారులో దొరకు తాళము, దానికొక యెఱ్ఱచీటి.

ఈ పద్ధతిలో కష్టమైనది తాళము వేయుట గాదు, వేసితినని మేస్త్రికి చెప్పుట. మన మర్యాదలలో పెద్దవానిని, కూలి యిచ్చువానిని ఆగుమనుట తప్పుగా తోచును. అందువలన చెప్పవలసిన మాటలను ముందే కూర్చుకొని, ఇంటివద్ద బిగ్గరగా పలికి, నోటికి అలవరచుకొనుట మంచిది. ఆ మాటలు కోపముతోను ఉండరాదు, క్షమాపణతోను ఉండరాదు. "ఏరా, ఇంకెంతసేపు?" అని మేస్త్రి అరచినచో, "అయిపోద్దండీ. దిమ్మ ఇరుక్కుందండి, మెయిను దించి తాళం వేశానండి, తాళంచెవి నా జేబులో ఉందండి. తీసి చెప్తానండి, అప్పుడు వేద్దురుగాని" అని పలుకవచ్చును. ఈ పలుకులలో జరిగినదేమి, చేసినదేమి, ఎప్పుడు ముగియును అను మూడును ఉన్నవి. వాదమునకు తావు లేదు. మొదటిమారు పలుకునపుడు గొంతు వణకును. కొన్ని మారులు పలికిన పిదప, మేస్త్రి తానే "తాళం వేశావా?" అని అడుగుట మొదలుపెట్టును, అప్పటినుండి ఆ షెడ్డు మారినట్లే. స్త్రీలకు ఇది మఱింత కష్టమని యెరుగుదును. వరుసగా నిలిచి రొయ్యలు ఒలుచు బల్లలయొద్ద ఒక్కతె మాటలాడినచో మఱునాడు పనిలేదనిపించుకొను భయమున్నది. అచట ఇద్దరు ముగ్గురు కలిసి, "అన్నా, ఈ బెల్టుకి కంచె లేదు, చున్నీలు పడుతున్నాయి, అది పెట్టించండి" అని ఒకేమారు చెప్పుట మేలు.

చట్టము వారి పక్షముననే యున్నది. యంత్రముల తిరుగు భాగములకు కంచె వేయవలెనను నియమము ఇంగ్లండులో 1844 నాటి ఫ్యాక్టరీ చట్టముతో ప్రవేశించినది. మన దేశమున తొలి ఫ్యాక్టరీ చట్టము 1881లో పుట్టినది. స్వాతంత్ర్యానంతరము వచ్చిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము తన 21వ విభాగమున కంచెను విధించి, 22వ విభాగమున తిరుగుచున్న యంత్రభాగములను తుడుచుటకు, నూనె వేయుటకు స్త్రీలను, కుర్రవాండ్రను నియోగింపరాదని శాసించినది. 2025 నవంబరు 21 నుండి వృత్తిభద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల స్మృతి దాని స్థానమున అమలులోనికి వచ్చినది. తీవ్రమైన గాయము తప్పదని సహేతుకముగా భయపడిన పనివాడు యజమానికి తెలుపవచ్చుననియు, అపాయము నిజమని తోచినచో యజమాని వెంటనే చర్య గైకొనవలెననియు ఆ స్మృతి చెప్పుచున్నది. కంచె నడుగుట ఆవిధముగా హక్కే గాని ప్రాధేయపడుట గాదు.

యంత్రము యంత్రమునకు అపాయము వేరు. మాంసపు దుకాణములలో కైమా కొట్టు యంత్రమునకు మాంసమును వ్రేళ్లతో త్రోయక, దానితోపాటు వచ్చు తోపుడు కర్రతోనే త్రోయవలెను. ఆ కర్ర పోయినచో మఱియొకటి చేయించుకొనువరకు యంత్రమును మూసివేయవలెను. కోళ్ల ఈకలు పెరుకు డ్రమ్ములో రబ్బరు వ్రేళ్లు మెత్తగా కనిపించి మోసగించును. ఇరుక్కొన్న కోడిని తీయబోయిన మణికట్టును అవి మెలిపెట్టును. ఎముకలు కోయు బ్యాండ్ సా విషయమున మంచి యుద్దేశముతోనే జరుగు పొరపాటొకటి కలదు: కత్తితో మాంసము కోయువారు ధరించు ఇనుపగొలుసుల చేతి తొడుగు కత్తిగాటునుండి కాపాడును గనుక రంపమునుండియు కాపాడునని తలచి ధరింతురు. తిరుగు రంపము ఆ గొలుసును పట్టి చేతిని మొత్తముగా లోనికి లాగును. రంపము దగ్గర తొడుగుకన్న తోపుడు చెక్క ముఖ్యము, రంపపుపట్టీని అవసరమైనంత మేరకే బయటపెట్టు కంచె ముఖ్యము. ఉంగరము, గాజులు, మెడలోని తాయెత్తు, వ్రేలాడు కొంగు, చున్నీ, ఇవి యన్నియు యంత్రమునకు పట్టుకొమ్మలు. ఉంగరము చిక్కినచో వ్రేలి చర్మమంతయు ఒలిచినట్లు ఊడివచ్చును. పెండ్లి ఉంగరమైనను పనివేళ తీసి ఇంటి దేవుని గూటిలో నుంచుటలో అమంగళమేమియు లేదు. చెరువుగట్టు మీది ఏరేటరు గాయపరచుటకన్న చంపుట యెక్కువ: తడిసిన తీగ, నీటిలో నిలిచిన కాళ్లు. 30 మిల్లీయాంపియర్ల లీకేజికే విద్యుత్తును త్రుంచివేయు పరికరము బోర్డులో లేని చెరువులో దిగరాదు, ఏరేటరును చూచుటకు మెయిను దింపక పడవ యెక్కరాదు.

యంత్రముతోపాటు సరుకును చల్లబరచు అమ్మోనియాను, కర్మాగారపు వ్యర్థములు చేరు తొట్టిని మఱువరాదు. 2017 మార్చి 30న మొగల్తూరు సమీపమున ఒక రొయ్యల శుద్ధి కర్మాగారములో వ్యర్థజలపు తొట్టి శుభ్రపరచు పనిలో దిగిన ఐదుగురు విషవాయువునకు బలియైరి. పశ్చిమగోదావరి జిల్లా ఆనాడు కంటతడి పెట్టినది; మనము నేర్చుకొనవలసినది నేర్చుకొంటిమా యను ప్రశ్న మాత్రము మిగిలియున్నది. మూతబడిన తొట్టిలో పడిపోయిన తోటివానిని చూడగానే దిగి రక్షింపవలెనని హృదయము తొందరించును. లోకమంతటను ఇట్టి ప్రమాదములలో రక్షింపబోయినవారును అనేకులు మరణించుచున్నారు. దిగబోవువానికి నడుమున త్రాడు కట్టి, పైన దానిని పట్టుకొని ఇద్దరు నిలువనిదే, లోపలి గాలిని పరికరముతో పరీక్షింపనిదే, గాలి పంపు బిగింపనిదే ఎవ్వరును దిగరాదు. అమ్మోనియా ఘాటు తగిలినచో గాలి వచ్చు దిక్కునకు అడ్డముగా నడచి బయటపడి, కండ్లను కనీసము పావుగంట ధారగా పారు మంచినీటితో కడుగవలెను.

ఇచట ఒక దూరదేశపు సంగతి చెప్పుట అవసరమనుకొందును. 1906లో అప్టన్ సింక్లెయిర్ అను రచయిత చికాగో నగరపు మాంస కర్మాగారములలోని శ్రామికుల దుర్దశను చూపుచు 'ది జంగిల్' అను నవల ప్రకటించెను. దానిని చదివి దేశము కలతచెందినది. ఆ సంవత్సరమే మాంసపు పరీక్షలకు శాసనము పుట్టినది. తమ పళ్లెములోనికి వచ్చు మాంసము శుభ్రమైనదా కాదా యను చింత పాఠకులను కదలించినంతగా, ఆ మాంసము కోసిన చేతులు ఏమైనవను చింత కదలింపలేదు. ఆ దేశమున వృత్తిభద్రతకు సమగ్ర శాసనము 1970లో గాని రాలేదు. మన రొయ్యలలో మందుల శేషములున్నవేమోయని విదేశీయులు ఎంతో సూక్ష్మముగా పరీక్షించుచున్నారు. అంత సూక్ష్మముగా ఆ రొయ్య నొలిచినచోటి రోలరు కంచెను గూడ పరీక్షింపవలెనని వారి నడుగుటకు మన యెగుమతిదారులును, కార్మిక సంఘములును కలిసి పూనుకొనిన బాగుండును.

ఎంత జాగరూకత వహించినను గాయము జరుగవచ్చును. చేయి లోపల చిక్కియున్నచో లాగరాదు, యంత్రమును వెనుకకు త్రిప్పరాదు. మెయిను దించి, మెకానిక్కును పిలిచి భాగములను విప్పవలెను, విప్పుటకు వీలుకానిచో ఆ భాగముతోనే మనిషిని ఆసుపత్రికి చేర్చవలెను. 108కి ఫోను చేసి చెప్పవలసినది "చేయి యంత్రంలో పడింది, వేళ్లు తెగాయి" అని స్పష్టముగా. గాయము మీద శుభ్రమైన గుడ్డనుంచి గట్టిగా నొక్కి, చేతిని గుండెకన్న ఎత్తుగా నిలుపవలెను. పసుపు గాని, కాఫీపొడి గాని, బూడిద గాని చల్లరాదు. సన్నని త్రాడుతో బిగించి కట్టరాదు.

తెగిన వ్రేలి విషయమున మన ప్రాంతమువారు ప్రత్యేకముగా ఒక్కటి గుర్తుంచుకొనవలెను. ఐసు మనకు చేతికందు దూరముననే యున్నది. అందుచేత వ్రేలిని నేరుగా ఐసుపొడిలో పూడ్చుటకు ఎవరికైనను చేయి పోవును. అట్లు చేసినచో వ్రేలిలోని కణములు గడ్డకట్టి చచ్చును, వైద్యుడు అతికింపజాలడు. వ్రేలిని మట్టి, పొలుసు పోవునట్లు శుభ్రమైన నీటితో మెల్లగా కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టికు కవరులో నుంచి మూతి బిగించి, ఆ కవరును ఐసు కలిపిన నీటిలో నుంచవలెను. వ్రేలికి ఐసు తాకరాదు, నీరును తాకరాదు. షెడ్డులోని థర్మోకోలు పెట్టె దీనికి చక్కగా సరిపోవును. ఇట్లు చల్లగా నుంచిన వ్రేలు ఇంచుమించు ఒక దినమువరకు అతికించుటకు పనికివచ్చును. ముంజేయి వంటి కండగల భాగమునకు మాత్రము కొద్ది గంటలే వ్యవధి. ఏలూరు ప్రభుత్వాసుపత్రిలో రక్తస్రావము నిలిపించుకొనుచునే, ప్లాస్టిక్ సర్జరీ వైద్యులున్న విజయవాడ ఆసుపత్రికి ముందుగా ఫోను చేసి వచ్చుచున్నామని చెప్పించుడు. జాతీయ రహదారిపై అది 60 కిలోమీటర్ల దూరమే. శస్త్రచికిత్స జరుగవలసియున్నది గనుక రోగికి దారిలో టీ గాని, సోడా గాని త్రాగింపరాదు. తెగిన ముక్క నలిగిపోయినదని మీరే తీర్పుచెప్పి పారవేయకుడు; దేనికి పనికివచ్చునో వైద్యుడు నిర్ణయించును.

ఆ తరువాత వచ్చునది కాగితముల పని. దీనిని తక్కువగా చూడరాదు. 1923 నాటి పరిహార చట్టము అవయవములకు విలువ కట్టినది: బొటనవ్రేలు పోయినచో సంపాదనశక్తిలో 30 శాతము, చూపుడువ్రేలు 14, నడిమివ్రేలు 12, ఉంగరపువ్రేలు గాని చిటికెనవ్రేలు గాని 7. 30 ఏండ్ల వయస్సు, నెలకు 15,000 రూపాయల జీతము గలవానికి పూర్తి అంగవైకల్యపు పరిహారము, జీతములో 60 శాతమును వయస్సుకు తగిన 207.98 అను గుణకముతో హెచ్చవేయగా, 18,71,820 రూపాయలగును; అందులో 14 శాతము చొప్పున చూపుడువ్రేలికి 2,62,055 రూపాయలు, బొటనవ్రేలికి 5,61,546 రూపాయలు. ఈ లెక్క మూలసూత్రము క్రొత్త సామాజిక భద్రతా స్మృతిలోను నిలిచియున్నది. మూడు వేలో అయిదు వేలో చేతిలో పెట్టి, "ఊరికి పోయి విశ్రాంతి తీసుకో" యని పంపివేయు కాంట్రాక్టరు ఎదుట నిలిచినపుడు ఈ యంకెలు మీకు తెలిసియుండవలెను. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాడైనను అసలు యజమాని బాధ్యత తప్పదు. ఒరిస్సానుండి, బీహారునుండి వచ్చిన కూలివారికి ఇది చెప్పువారు లేరు గనుక చదువుకొన్న తోటివారు చెప్పవలెను.

నెలకు 21,000 రూపాయల వరకు జీతము గలవారు ఈఎస్ఐలో చేరియున్నచో పరిహారము ఆ మార్గముననే వచ్చును. ఒకే గాయమునకు రెండు దారులలో రాదు. పనివాని జీతమునుండి 0.75 శాతము, యజమాని వంతు 3.25 శాతము చెల్లింపవలసియుండును. రోగమునకు కొంతకాలము చందా కట్టి యుండవలెను గాని, పనిలో తగిలిన గాయమునకు అట్టి నియమము లేదు. చేరిన తొలిదినమున గాయపడినను, పనిచేయలేని కాలమంతయు సగటు కూలిలో 90 శాతము లభించును, శాశ్వత వైకల్యమైనచో నష్టపడిన శక్తిని బట్టి జీవితాంతము నెలసరి వచ్చును. అందుచేత పనిలో చేరిన వారమునందే మీ బీమా సంఖ్యను అడిగి వ్రాసికొనుడు. గాయము నాడు ప్రమాద రిజిస్టరులో నమోదు చేయించి, ఆసుపత్రి చీటిపై "పనిచోట యంత్రమువలన" అని వ్రాయించుకొనుడు. జారిపడినట్లు వ్రాయించుమని ఎవరైనను బ్రతిమాలినచో ఒప్పుకొనకుడు.

యజమానులకు ఒక్కటే మనవి చేసికొందును, ఏలయన వారిలో ననేకులు చెడ్డవారు కారని యెరుగుదును; అప్పుతో షెడ్డు వేసి, ధర పడిపోయిన పట్టుబడులను తట్టుకొని నిలిచినవారే వారును. యంత్రము నిలిచిన నిమిషములకు గూడ కూలి కట్టుడు. కిలో లెక్క యిచ్చువారు, యంత్రము నాపిన కాలమునకు గంట లెక్కన కలిపి యిచ్చుడు. బోర్డు మీద పది హెచ్చరికలు వ్రాయించుటకన్న ఈ యొక్క మార్పు వలన చేతులు యంత్రమునకు దూరముగా నుండును. హెచ్చరికలు వ్రాయించునపుడు తెలుగుతోపాటు ఒడియాలోను, హిందీలోను వ్రాయించుడు. "చేయి కొద్దిలో తప్పినది" అని ఎవడైనను వచ్చి చెప్పినచో వానిని మందలింపక, ఆ సాయంకాలమే ఆ చోటికి పోయి చూడుడు. తప్పిన చేయి చూపిన చోటనే రేపటి చేయి పడనున్నది.

గాయము మానిన పిమ్మట పనిలోనికి మరలి వచ్చుటను గూర్చి కొంచెము చెప్పవలెను. వ్రేళ్లు అతికిన చేయి మొదట కొయ్యబారియుండును. వైద్యుడు చెప్పిన నాటినుండి, చెప్పిన మేరకు, నొప్పియైనను కదలించి వ్యాయామము చేయనిచో కీళ్లు బిగిసిపోయి శస్త్రచికిత్స ఫలము దక్కదు. లేని వ్రేలు ఉన్నట్లు, అది మండుచున్నట్లు తోచుట పిచ్చి గాదు. తెగిన నరముల సహజస్వభావము, దానికి మందులున్నవి. యంత్రము చప్పుడు వినగానే చెమటలు పట్టుట పిరికితనము గాదు. అట్టివానిని మొదటి దినమే అదే యంత్రము దగ్గర నిలుపకుడు. ట్రేలు లెక్కించు పని, తూకపు పని, కొంతకాలమిచ్చి చూడుడు. ఈఎస్ఐ మెడికల్ బోర్డు వైకల్యము నెంత శాతమని నిర్ణయించునో ఆ దినమునకు ఎక్స్‌రేలు, ఆసుపత్రి చీటీలు, ప్రమాదపు నమోదు నకలు, అన్నియు ఒక సంచిలో పెట్టి తీసికొనిపోవలెను. ఆ చేతితో నిత్యము చేయలేకపోవుచున్న పనులు, చొక్కా గుండీ పెట్టుకొనుట, అన్నము కలుపుకొనుట, సైకిలు బ్రేకు పట్టుట, ఒక కాగితముపై వ్రాసికొనిపోయి చదివి వినిపింపవలెను. బోర్డు చెప్పిన శాతము తక్కువగా తోచినచో దానిపై అప్పీలు చేసికొను హక్కు పనివానికి కలదు.